మండీ గేటు కాడ ఆయమ్మ

పోయిన వారం పలమనేరు బస్సులో నా పక్కన కూర్చున్న కుప్పం ఆయన, ఊరికే పొద్దుపోక మాట్లాడుతూ, "మా వీధిలో ఒక ముసలామె పోయిందమ్మా. ఎవురూ లేరు పాపం. మీ పుంగనూరులో ఒకప్పుడు చింతపండు మండీ కాడ గలాటా సేసిందంటనే, ఆయమ్మ," అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన తర్వాత బెల్లం ధర గురించి ఏదో చెప్పుకుంటూ పోయాడు. నాకు ఊకొట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

గలాటా అంట! ఏం చేస్తాం, ఊరికి గుర్తుండేది అంతే.

ఆమె పేరు నాకు తెలుసు. రాయను. ఒకసారి కరపత్రంలో ఆమె పేరు అచ్చేస్తే, "నా పేరు యాల? మండీలో కూర్చున్న ఆడోళ్ళందరి పేర్లూ ఎయ్యండి, కింద నాదీ ఎయ్యండి," అని ప్రెస్సువాడి మీద పోట్లాటకు పోయిన మనిషి. ఆ ఆడవాళ్ళందరి పేర్లు నాకిప్పుడు గుర్తు లేవు. కాబట్టి ఆమెదీ వద్దు.

ఎక్కడ పుట్టింది, ఎంత చదివింది, పెళ్ళయిందా లేదా అని నన్నడగొద్దు. నేనూ అడగలేదు. మా అత్త అడిగింది.

అప్పుడు యుద్ధం నడుస్తోంది. మా ఆయన పట్టాళంలో చేరి బర్మా వైపు ఎక్కడో ఉన్నాడు. నేను పుంగనూరు ఆడపిల్లల బడిలో పంతులమ్మను. ఇంట్లో నేనూ, మా అత్తా. మగదిక్కు లేని ఇల్లని ఊరంతా మా మీద జాలిపడేది. ఆమెకు మాత్రం మా ఇంట్లో నచ్చింది అదే. కూలీల సంఘం పనిమీద మదనపల్లె నుంచి ఆ బొగ్గు బస్సులో వచ్చి, ముఖమంతా మసితో, ఒక గుడ్డసంచి చంకన పెట్టుకుని మా వాకిట్లో నిలబడేది. "నాలుగు దినాలు ఉంటానమ్మా. మొగోళ్ళుండే ఇంట్లో దిగితే వాళ్ళకు వడ్డించేదానికే పొద్దు సరిపోతాది," అనేది.

మొదటిసారి వచ్చినప్పుడు మా అత్త ఆమెను ఎగాదిగా చూసి, "మొగుడు యాడమ్మా?" అంది.

"యాడో ఉండాడులేమ్మా. నేనూ ఎతకలా, ఆయనా ఎతకలా. ఇద్దరం సుఖంగా ఉండాము."

మా అత్త ఆ పూటంతా ముఖం ముడుచుకుని తిరిగింది. మర్నాడు పొద్దున చూస్తే ఇద్దరూ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. మా అత్త తన మొగుడి సంగతులు చెబుతోంది. నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కనాడు చెప్పని సంగతులు. నాకు కొంచెం ఉక్రోషంగా కూడా అనిపించింది.

వంట మాత్రం ఆమెకు రాదు. అన్నం వండితే అడుగంటేది, సంగటి కెలికితే ఉండలు కట్టేది. సిగ్గుపడేది కాదు. "నేర్సుకుంటే సంఘమోళ్ళు నన్ను పొయ్యి కాడే కూర్చోబెడతారమ్మా. అందుకే నేర్సుకోలా," అని నవ్వేది. ఆ నవ్వుకు శబ్దం ఉండదు. భుజాలు మాత్రం కదిలేవి.

అది అబద్ధం కాదని మదనపల్లెలో చూశాను. సంఘం మీటింగుకు నన్నూ తీసుకుపోయింది. ఒక మేడమీద గదిలో పదిమంది మగవాళ్ళు, మేమిద్దరం. మీటింగు మొదలు కాగానే కార్యదర్శి, పాపం మంచివాడే, "అక్కయ్యా, రవంత కాఫీ…" అన్నాడు. ఆమె లేచింది. కాఫీ గిన్నె తెచ్చింది. తెచ్చి కార్యదర్శి ముందు పెట్టింది. "నువ్వు కలుపు నాయనా. నువ్వు కలిపేలోపల నేను మాట్లాడేస్తా," అంది. అందరూ నవ్వారు. ఆయన కలపలేదు, ఎవరూ కలపలేదు. ఆ రోజు డికాషను గిన్నెలోనే చల్లారిపోయింది. తర్వాత మెట్లు దిగుతూ, "అక్క అంటాండారంటే అన్నం పెట్టమని అర్థమమ్మా. మాట్లాడమని కాదు," అంది.

ఆ ఊళ్ళోనే పెద్దింటి ఆడవాళ్ళ సమాజం ఒకటుండేది. వకీళ్ళ భార్యలు, షావుకార్ల కోడళ్ళు. హార్మోనియం, కుట్లు, అల్లికలు, నెలకొక ఉపన్యాసం. ఎవరో మొహమాటపెడితే అక్కడికీ వెళ్ళింది. తండ్రి ఆస్తిలో ఆడపిల్లకు భాగం రావాలని ఒకావిడ చాలా బాగా మాట్లాడింది. ఈమె గట్టిగా చప్పట్లు కొట్టింది. కొట్టి, లేచి నిలబడి, "బాగుండాది తల్లీ, రావాల్సిందే. ఆస్తి ఉండే తండ్రికి పుట్టిన పిల్లకు భాగం వస్తాది. మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె కూతురికి ఏమొస్తాది?" అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. కాసేపటికి ఎవరో హార్మోనియం పెట్టె తీశారు. మళ్ళీ ఆమెను పిలవలేదు.

తిరుగు బస్సులో ఆమె ముఖం చూసి నేను పలకరించలేదు. సగం దూరం వచ్చాక తనే అంది: "ఆ సమాజంలో కూలి మాటెత్తితే ముఖం తిప్పుకుంటారు. సంఘంలో ఆడోళ్ళ మాటెత్తితే గడియారం సూసుకుంటారు. నేను యాడ కూర్చోవాలో నాకే తెలీడం లేదు." ఆ మాటలో కోపం లేదు, ఒట్టి అలసట.

ఇంక మండీ సంగతి.

చింతపండు కాలం వచ్చిందంటే సోమల కొండల వైపు నుంచి బండ్లకు బండ్లు మా ఊరికి దిగేవి. మండీలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయ పగలగొట్టి, గింజ తీసి, పండు కుప్ప పోసేవాళ్ళు. పొద్దస్తమానం ఆ పులుపులో చేతులు పెడితే వేళ్ళ సందుల్లో చర్మం ఊడిపోతుంది. నేలంతా జిగటగా, పుల్లగా ఉండేది. చంటిపిల్లలను దూలాలకు కట్టిన పాత చీర ఉయ్యాలల్లో పడుకోబెట్టేవాళ్ళు, నేల తగిలితే ఒళ్ళు మండుతుందని.

సాయంత్రం గేటు దగ్గర గుమాస్తా స్టూలు వేసుకుని కూర్చునేవాడు. బయటికి పోయే ప్రతి ఆడదీ ఆయన ముందు నిలబడి, కొంగు విప్పి, రెండు వైపులా దులిపి చూపించి పోవాలి. చారులోకి ఇంత చింతపండు ముద్ద ఎత్తుకుపోతారని. ఎవరైనా సరిగా దులపకపోతే ఆయన చేతిలో ఉన్న సన్నటి కర్రతో చీర మడత లేపి చూసేవాడు. చేత్తో తాకడు. వాళ్ళలో ఎక్కువమంది మాలవాళ్ళు, తాకితే మైల పడతాడు గదా. పైగా అదొక మర్యాదగా చెప్పుకునేవాడు. "నేను ఏ ఆడమనిషినీ తాకి ఎరగనమ్మా," అని నాతోనే అన్నాడు.

మా బడి ఆ వీధిలోనే. ఏళ్ళ తరబడి ఆ గేటు ముందునుంచే ఇంటికి పోతున్నాను. నాకు అది చింతపండు వాసన లాగే అలవాటైపోయింది. ఒక సాయంత్రం ఆమె నాతో నడుస్తూ అక్కడ ఆగిపోయింది. చివరి మనిషి దులిపి బయటికి వచ్చేదాకా కదల్లేదు. ఆ చివరి మనిషి మునెమ్మ. చంకలో బిడ్డ. ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, ఒక చేత్తో దులిపింది.

"ఏమ్మా, ఎన్నాళ్ళుగా ఇట్ల?" అని అడిగింది ఆమె.

"మా యమ్మ నాటి నించీ ఇంతేనమ్మా. దులిపితే పోతాది. దులపకుంటే కర్ర పెడతాడు."

ఆ పూట ఆమె మా ఇంట్లో అన్నం ముట్టలేదు. మా అత్త బతిమాలితే, "అమ్మా, సంఘమోళ్ళు కూలి పెంచమని రాసిచ్చినారు. ఈ కొంగు సంగతి ఒక్క ముక్క రాయలా. నేనూ సెప్పలా. నా కంటికే ఈ పొద్దు ఆనింది," అంది. అప్పటినుంచి ఆమెకు రెండూ కావలసి వచ్చాయి. కూలి పెరగాలి, కొంగు దులపడమూ ఆగాలి. ఒకటి తీసుకుని రెండోది వదులుకోమంటే ఒప్పుకునేది లేదని సంఘానికి చెప్పేసింది. వాళ్ళు, ముందు కూలి సంగతి కానివ్వు, ఆడవాళ్ళ మర్యాద తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత ఎప్పుడో వాళ్ళూ చెప్పలేదు.

ఆమెకు ఒక ఉపాయం తోచింది. కొంగే లేకపోతే ఏం దులపమంటాడు? పైట తిప్పి నడుముకు బిగించి, రవికెకూ చీరకూ కలిపి కుట్టేసుకుని పనికి పోవాలి. అందరూ. నాకు నవ్వొచ్చింది గానీ ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. గుడ్డకు కంట్రోలు ఉన్న రోజులవి. "ఉండే ఒక్క కోకకు సూది పెట్టేదా?" అని ఆడవాళ్ళు గునిశారు. దర్జీ పెండ్లాం ఖైరున్‌బీ కూడా ఆ మండీలోనే పనిచేసేది. ఆమె ముందుకొచ్చి, "చీర చిరగకుండా నేను కుడతా. దారం తెంపితే ఊడొస్తది, గుడ్డకేం కాదు," అంది. ఒక ఆదివారం మా అరుగు మీదే కుట్లు పడ్డాయి. మా అత్త సూదుల్లో దారం ఎక్కించలేక, ఎక్కించిన వాళ్ళకు వంకలు పెడుతూ కూర్చుంది. అంత నవ్వులు మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున అందరూ బిగించి కట్టుకుని, పట్టాళం మాదిరి మండీలోకి పోయారు. ఆమె గేటు బయట నిలబడి సాయంత్రం కోసం చూస్తోంది.

సంగతి సాయంత్రం దాకా పోనే లేదు. మధ్యాహ్నానికే అయిపోయింది. ఉయ్యాలల్లో పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి ఏడుపు అందుకున్నారు. తల్లులు ఎత్తుకున్నారు. పైట తొలగదు. కుట్టు పక్కా కుట్టు! ముందు మునెమ్మే పళ్ళతో దారం తెంపింది. ఆమె వెనక మిగతా పాలిచ్చే తల్లులంతా తెంపుకున్నారు. వాళ్ళు తెంపాక మిగిలిన వాళ్ళకు మాత్రం ఎందుకు? సాయంత్రం గుమాస్తా ముందు అందరూ మామూలుగానే దులిపి బయటికి వచ్చారు. ఆయన పళ్ళికిలించి, "ఏమమ్మో, కుట్లు ఊడినాయా?" అన్నాడు.

ఆమె మా ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. "పిల్లలు," అంది. "నాకు తోచనే లేదు. ఆడోళ్ళ సంగతి అంతా నాకు తెలుసనుకుంటి. పిల్లలకు ఆకలేస్తాదని తోచలా సూడు." అని భుజాలు కదిలేలా నవ్వింది. కాసేపటికి ఆ కదలడం నవ్వు కాదని తెలిసింది. మా అత్త లేచి వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

ఆ తర్వాత ఇంక దొంగచాటు ఉపాయాలు వద్దనుకుని, అందరూ పని మానేసి గేటు ముందు కూర్చున్నారు. ఎండ. పండు లోపల మగ్గి పురుగు పడుతుందని మండీ షావుకారుకు భయం. పొయ్యిలో పిల్లి లేవడం లేదని వీళ్ళకు భయం. చివరికి షావుకారు దిగొచ్చాడు. కూలి పెంచుతాను, దులపడం మాత్రం మా తాతల నాటి పద్ధతి, అది ఆగదన్నాడు. సంఘం కార్యదర్శి మదనపల్లె నుంచి వచ్చి, గెలిచినట్టే అక్కయ్యా, సంతకం పెట్టు అన్నాడు. ఆడవాళ్ళ తరఫున ఆమె పెడితేనే కాగితం చెల్లుతుందని షావుకారు పట్టుబట్టాడు.

ఆమె కాగితం పక్కన పెట్టి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. "మీరు సెప్పండి. వద్దంటే ఇది సించేస్తా," అంది.

మునెమ్మ బిడ్డను ఒళ్ళో అటూ ఇటూ మార్చుకుంటూ, "ఇప్పటికి సాలమ్మా," అంది. "బిడ్డకు పాలు పడాలంటే నాకు ఇంత సంగటి పడాల గదా. నేను ఆకలికి తట్టుకోలేక పోతాండాను."

ఆమె సంతకం పెట్టింది. మునెమ్మ బిడ్డ తలమీద చెయ్యి పెట్టి, లేచి మా ఇంటికి వచ్చేసింది.

మదనపల్లెలో విజయోత్సవ సభ పెట్టారు. జెండాలు, పాటలు. నేను, ఆమె వెళ్ళాం. నలుగురు మగవాళ్ళు మాట్లాడాక, మన అక్కయ్య ఇప్పుడు ఈ విజయం గురించి చెబుతుందన్నారు. ఆమె వేదిక ఎక్కింది. జనం వైపు చూడలేదు. కుర్చీల్లో కూర్చున్న నాయకుల వైపు తిరిగింది. నడుముకు దోపుకున్న కొంగు తీసి, విప్పి, ఇటొకసారి, అటొకసారి బాగా దులిపింది.

"సూసుకోండప్పా. ఏమీ ఎత్తుకుపోవడం లేదు. ఇంక పోవచ్చునా?"

అని వేదిక దిగింది. వెనక వరసలో ఎవరో అర్థం కాక చప్పట్లు కొట్టాడు. కార్యదర్శి తల వంచుకుని తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత సంఘం ఆమెకు ఒంట్లో బాగాలేదని తీర్మానించి, విశ్రాంతి అని చెప్పి కుప్పం పంపింది. ఆమె ఒంటికి ఏమీ కాలేదు. ఆ మాట నేనంటే, "పోనీలేమ్మా, అలిసిపోయినా. వాళ్ళు సెప్పింది నిజమే," అంది. షావుకార్లతో అరవడానికి తనకు ఎప్పుడూ విసుగు పుట్టలేదంట. తనవాళ్ళకు నచ్చజెప్పుకోవడంలోనే పానం పోయిందంట.

స్వరాజ్యం వచ్చింది. మా షావుకారు మండీ మీద జెండా కట్టి, మిఠాయి పంచాడు. మిఠాయి తిన్న ఆడవాళ్ళు సాయంత్రం గేటు దగ్గర కొంగు దులిపి ఇళ్ళకు పోయారు. మా ఆయన తిరిగొచ్చాడు. నా పొద్దు నా ఇంటికే సరిపోయింది.

ఆమెను ఆఖరుసారి చూసింది ఆ మరుసటి చింతపండు కాలంలో. మా ఆయన తరఫు వాళ్ళింట్లో శుభకార్యానికి కుప్పం వెళ్ళాను. రైలుకట్ట పక్కన ఒక చిన్న గదిలో ఉంది. చేటలో ఆకు, పొగాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. చిక్కిపోయింది. అప్పటికి సర్కారు సంఘం మీద పడింది, మగవాళ్ళు కొందరు జైల్లో, కొందరు ఎక్కడో. ఈమెను పట్టుకోవాలని పోలీసులకు కూడా తోచలేదు. నన్ను చూసి చేట పక్కకు జరిపి, "మీయత్త బాగుండాదా?" అంది.

అన్నీ చెప్పాక, మండీ సంగతి చెప్పాను.

ఆ నెలలోనే జరిగింది. మునెమ్మకు మళ్ళీ చంటిబిడ్డ. ఒక సాయంత్రం గేటు దగ్గర గుమాస్తా దులపమంటే, చంకలో బిడ్డను తీసి ఆయనకు అందించబోయింది. "బిడ్డను పట్టుకోప్పా, దులుపుతా. నేలమీద పెడితే ఒళ్ళు మండుతాది."

ఆయన పట్టుకుంటాడా? మాల బిడ్డ! స్టూలు వెనక్కి జరిపాడు. ఆమె ఇంకో అడుగు ముందుకేసి, "పట్టుకోప్పా, పొద్దుపోతాండాది," అంది. బిడ్డ ఆయన మీసం వైపు చెయ్యి చాపింది. ఆయన లేచి గోడకు ఆనుకున్నాడు. మునెమ్మ బిడ్డను చంకనేసుకుని వచ్చేసింది. వెనకనే ఇంకొక తల్లి, ఇంకొక బిడ్డ. మర్నాడు బిడ్డలు లేని వాళ్ళు కూడా పక్కింటి పిల్లలను ఎత్తుకొచ్చారు. ఖైరున్‌బీ తన మనవణ్ణి తెచ్చింది. "పకడో జీ," అని ఆయన ఒళ్ళోకే పడేయబోయిందంట! కర్ర ఎక్కడ పోయిందో తెలీదు. కొన్నాళ్ళు చూసి షావుకారు ఆ స్టూలు తీయించేశాడు. రేపు మళ్ళీ వేయిస్తాడేమో, చెప్పలేం. నేను బయలుదేరే నాటికి మాత్రం గేటు ఊరికే తెరిచి ఉంది.

నేను చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో సగం చుట్టిన బీడీ అలాగే ఉంది.

"ఎవురు సెప్పినారు వాళ్ళకు, అట్ల సెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదు."

"సంఘమోళ్ళు వచ్చినారా?"

"వాళ్ళెక్కడున్నారు!"

"నన్ను…" అంది. "నన్నెవురన్నా తలుసుకున్నారా? ఆయమ్మ ఉండుంటే బాగుండునని?"

నేను మా ఇంటి మీదుగా పోయే ఆడవాళ్ళ మాటలు రోజూ వింటూనే ఉన్నాను. తలుచుకున్నారని ఒక్క మాట చెప్పేస్తే పోయేది. నాకు నోరు రాలేదు.

"లేదు," అన్నాను. "ఎవరూ అనలేదు."

ఆమె నా ముఖంలోకే చూసింది.

"మళ్ళీ సెప్పు. ఎవురూ అడగలా?"

"అడగలేదు. నీ మాటే రాలేదు."

"రాలేదా!" అంది. భుజాలు కదిలాయి. ఈసారి అది నవ్వే. చాలాసేపు నవ్వింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంది, బీడీ చేటలో వేసేసింది. "అమ్మయ్యా. వాళ్ళే సేసుకున్నారు. అట్లయితే నేను రవంతసేపు పడుకుంటానమ్మా. నువ్వు ఏమీ అనుకోవద్దు," అని, పట్టపగలు, వాకిలి తెరిచి ఉండగానే, చాప మీద పక్కకు ఒరిగి చేయి తలకింద పెట్టుకుంది. మద్రాసు రైలు గోడలు అదిరేలా పోయింది. ఆమె కదల్లేదు. బస్సు వేళయ్యేదాకా కూర్చుని, లేపడానికి మనసు రాక, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.